ట్యాలీ వస్తే చాలదు.. పద్దు చదవాలి!

- విశ్లేషణ కొలువులకు అకౌంటింగే పునాది
- ‘సత్యం’ లెక్కల్లో నేటి విద్యార్థులకు పాఠాలు

దిల్‌సుఖ్‌నగర్: డిగ్రీ పరీక్షలు ముగియగానే నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి బీకాం విద్యార్థులు సంచులతో ఎల్బీనగర్ కూడలిలో దిగుతుంటారు. చైతన్యపురి, కొత్తపేట వసతిగృహాల్లో మంచం మాట్లాడుకుని, దిల్‌సుఖ్‌నగర్ ప్రధాన రహదారి వెంట ఉన్న శిక్షణ కేంద్రాల మెట్లెక్కుతారు. ట్యాలీ, జీఎస్టీ, ఎక్సెల్, శాప్.. బోర్డు మీద పేర్లు మారుతుంటాయి. ‘నూరు శాతం ఉద్యోగ హామీ’ అన్న మాట మాత్రం మారదు. ఇటీవల వాటి సరసన ‘ఫైనాన్షియల్ అనలిస్ట్’ కోర్సు కూడా చేరింది. పొలం మీదో, బంగారం మీదో అప్పు తెచ్చి రుసుము కట్టే కుటుంబాలకు ఈ కోర్సుల మధ్య తేడా తెలియడం అవసరం.

ట్యాలీ నేర్చిన వారికి లభించేది ప్రధానంగా పద్దులు నమోదు చేసే పని. దుకాణాలు, గోదాములు, ఆడిటర్ల కార్యాలయాల్లో దానికి గిరాకీ ఉంది. 2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చాక అది మరింత పెరిగింది. విశ్లేషకుడి పని వేరు. ఎవరో రాసి, ఎవరో తనిఖీ చేసిన లెక్కలను చదివి ఆ సంస్థకు అప్పు ఇవ్వవచ్చా, దాని వాటా కొనవచ్చా అన్నది అతడు తేల్చాలి. ఫ్యాక్ట్‌సెట్, ఎస్ అండ్ పీ గ్లోబల్ వంటి అంతర్జాతీయ ఆర్థిక సమాచార సంస్థలకు హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ వరకు, మరుసటి ఏడాది నవంబరులో రాయదుర్గం వరకు మెట్రో రావడంతో అమీర్‌పేటలో రైలు మారి ఐటీ ప్రాంతానికి చేరుకోవడం సులువైంది. ఆ కార్యాలయాల మౌఖిక పరీక్షలో నెగ్గడం మాత్రం అంత సులువు కాదు.

చిట్టా, ఆవర్జా మరచిపోవద్దు

ఇంటర్మీడియట్‌లో తెలుగు మాధ్యమంలో సీఈసీ చదివిన వారికి చిట్టా, ఆవర్జా, అంకణా, ఆస్తి అప్పుల పట్టిక అన్న మాటలు పరిచయమే. నగరానికి వచ్చాక అవే జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్, బ్యాలెన్స్ షీట్‌గా వినిపించేసరికి చాలామంది కొత్త విద్య అనుకుని బెదిరిపోతారు. పేర్లే మారాయి, లెక్క మారలేదు. ఇటలీకి చెందిన లూకా పాచియోలీ 1494లో అచ్చువేసిన గ్రంథంలో వివరించిన జంటపద్దు విధానమే నేటికీ ఆధారం. ప్రతి వ్యవహారానికీ రెండు ముఖాలుంటాయి. ఒక ఖాతాలో డెబిట్ పడితే అంతే మొత్తం మరోచోట క్రెడిట్ పడాలి.

ఉదాహరణకు, కొత్తపేటలో ఒకరు సొంత డబ్బు రూ.8 లక్షలతో బట్టల వ్యాపారం మొదలుపెట్టారనుకుందాం. మొత్తం సొమ్ముతో సరకు కొని, దాన్నంతా రూ.10 లక్షలకు అరువు మీద అమ్మారు. లాభనష్టాల ఖాతాలో రూ.2 లక్షల లాభం కనిపిస్తుంది. గల్లాపెట్టెలో రూపాయి ఉండదు. ఆస్తి అప్పుల పట్టికలో ఒక వైపు రావాల్సిన బాకీలు రూ.10 లక్షలు, రెండో వైపు మూలధనం రూ.8 లక్షలు, లాభం రూ.2 లక్షలు ఉంటాయి. పట్టిక తూగింది కానీ వ్యాపారి మాత్రం నెలాఖరున దుకాణం అద్దె కట్టలేడు. లాభం వేరు, నగదు వేరు అన్న ఈ ఒక్క సంగతి ఒంటబడితే విశ్లేషణలో సగం దారి నడిచినట్లే.

ట్యాలీతో ఇక్కడే చిక్కు. వోచరు నమోదు చేయగానే ఆవర్జా నుంచి ఆస్తి అప్పుల పట్టిక దాకా అన్నీ అదే తయారు చేస్తుంది. మధ్యలో ఏం జరిగిందో అభ్యాసకుడికి కనిపించదు. 1986లో బెంగళూరులో గోయెంకా కుటుంబం రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ వ్యాపారి శ్రమ తగ్గించేందుకు పుట్టింది. విద్యార్థి శ్రమ తగ్గితే అతడికే నష్టం. కనీసం 20 వ్యవహారాలను కాగితం మీద చేత్తో రాసి, అంకణా తూచి, ఆ తర్వాతే కంప్యూటరు ముందు కూర్చోవడం మేలు.

ఆ రూ.588 కోట్లు ఎటు వెళ్లాయి?

దూరదేశాల ఉదాహరణలు వెతకనక్కర్లేదు. 1987లో హైదరాబాద్ కేంద్రంగా ఆరంభమైన సత్యం కంప్యూటర్స్ లెక్కలే గొప్ప పాఠ్యపుస్తకం. ఆ సంస్థ అధిపతి రామలింగరాజు 2009 జనవరి 7న బోర్డుకు రాసిన లేఖలో 2008 సెప్టెంబరు 30 నాటి లెక్కల గుట్టు విప్పారు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వ రూ.5,361 కోట్లలో రూ.5,040 కోట్లు అసలు లేవు. రావాల్సిన వడ్డీగా చూపిన రూ.376 కోట్లూ లేవు. బాకీలను రూ.490 కోట్లు ఎక్కువ చేసి, చెల్లించాల్సిన అప్పును రూ.1,230 కోట్లు తక్కువ చేసి చూపారు. మొత్తం కలిపితే రూ.7,136 కోట్లు.

ఆ ఒక్క త్రైమాసికానికి ప్రకటించిన ఆదాయం రూ.2,700 కోట్లు, అసలు ఆదాయం రూ.2,112 కోట్లు. ప్రకటించిన నిర్వహణ లాభం రూ.649 కోట్లు, అసలు లాభం రూ.61 కోట్లు. తీసివేసి చూస్తే రెండు చోట్లా తేడా రూ.588 కోట్లే. లేని అమ్మకానికి ఖర్చు ఉండదు గనుక కల్పించిన ఆదాయం యావత్తూ లాభంలో చేరింది. అలా మూడు శాతం లాభం 24 శాతమైంది. ఇక జంటపద్దు నియమం ప్రకారం క్రెడిట్ పడిన ఆదాయానికి ఎక్కడో డెబిట్ చూపాలి. బాకీల్లోనే ఉంచితే ఎవరైనా ప్రశ్నిస్తారు. అందుకే బ్యాంకు నిల్వగా చూపారు. ఏళ్ల తరబడి అలా పేరుకుపోయినదే రూ.5,040 కోట్లు. దొంగలెక్కకు సైతం రెండు ముఖాలు తప్పలేదన్నమాట.

పట్టిక తూగినంత మాత్రాన అది నిజమని కాదు. నగదు ప్రవాహ పట్టిక చూసి లాభాన్ని సరిపోల్చాలని శిక్షణ కేంద్రాల్లో చెబుతారు. అది మంచి పద్ధతే. సత్యం విషయంలో బ్యాంకు నిల్వే కల్పితం కనుక ఆ పరీక్ష ఒక్కటే సరిపోదు. బ్యాంకు నుంచి నేరుగా ధ్రువీకరణ తెప్పించుకోవడం ఆడిటర్ల బాధ్యత. బయటి విశ్లేషకుడు అడగదగిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఇంత నగదు ఉన్న కంపెనీ దాన్ని ఏం చేస్తోంది? 2008 డిసెంబరు 16న కుటుంబానికే చెందిన మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లతో కొనాలని ఎందుకు నిర్ణయించింది? మదుపరులు అభ్యంతరం చెప్పడంతో గంటల వ్యవధిలోనే ఆ ప్రతిపాదన వెనక్కి వెళ్లింది. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన వాటాలను వెల్లడించడం తప్పనిసరి చేస్తూ 2009 జనవరిలోనే సెబీ నిబంధన తెచ్చింది. నేడు ఏ కంపెనీ విషయంలోనైనా ఆ వివరం చూడవచ్చు. ఈ కేసులో 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు రాజు సహా పది మందిని దోషులుగా తేల్చింది.

బాకీల వయసు లెక్కించాలి

అన్ని కంపెనీల్లో మోసం ఉండదు. కానీ నీరసం చాలాచోట్ల ఉంటుంది. దాన్ని పట్టేందుకు చిన్న లెక్క చాలు. ఒక సంస్థ అమ్మకాలు నిరుడు రూ.11 కోట్లు, రావాల్సిన బాకీలు రూ.2 కోట్లు. ఈ ఏడు అమ్మకాలు రూ.12 కోట్లు, బాకీలు రూ.3 కోట్లు. బాకీని అమ్మకంతో భాగించి 365తో హెచ్చిస్తే నిరుడు 66 రోజులు, ఈ ఏడు 91 రోజులు వస్తుంది. అమ్మకం పెరిగిందని సంబరపడే ముందు, సొమ్ము వసూలుకు మరో 25 రోజులు ఎందుకు పడుతోందో ఆరా తీయాలి. లిస్టెడ్ కంపెనీల వార్షిక నివేదికలు స్టాక్ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో వెనుక పేజీల నోట్స్ ముందు చదివి, అధ్యక్షుడి సందేశం చివర చదవడం ఉత్తమం.

ఏ దారి ఎంచుకోవాలి?

బీకాంలో 55 శాతం మార్కులుంటే సీఏ ఇంటర్మీడియట్‌కు నేరుగా నమోదు కావచ్చు. 2023 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త విధానంలో ఆర్టికల్ శిక్షణను రెండేళ్లకు కుదించారు. మూడు అంచెల సీఎఫ్ఏ అంతర్జాతీయ పరీక్ష, ఖర్చు ఎక్కువ. స్టాక్‌మార్కెట్ పరిశోధన వైపు వెళ్లాలనుకునే వారికి ఎన్ఐఎస్ఎం నిర్వహించే రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష ఉంది. ఇవేవీ రాయకుండా కేవలం మూడు నెలల కోర్సుతోనే విశ్లేషకుడి కొలువు ఖాయమని ఎవరైనా చెబితే కాస్త ఆగి ఆలోచించాలి.

రుసుము కట్టే ముందు డెమో తరగతి వినాలి. బోధకుడు ఒక అసలు కంపెనీ నివేదిక తెరిచి పాఠం చెబుతున్నారా, లేక తెర మీది బొమ్మలతో సరిపెడుతున్నారా గమనించాలి. ఉద్యోగ హామీని రాతపూర్వకంగా ఇమ్మని అడగాలి. శిక్షణ సేవలపై 18 శాతం జీఎస్టీ వర్తిస్తుంది గనుక చెప్పిన రుసుములో పన్ను కలిసి ఉందో లేదో తెలుసుకోవాలి. పన్ను వసూలు చేస్తే రసీదుపై సంస్థ జీఎస్టీ సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య సరైనదో కాదో జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా సరిచూసుకోవచ్చు.