మధ్యలో ఈ డబ్బా ఎందుకు?

ఆదివారం పొద్దున్నే హాల్లో ఘంటసాల పాట మోగుతోంది. ఫోన్‌లోని పాటని డ్యాక్ అనే చిన్న పెట్టె విద్యుత్ సంకేతంగా మారుస్తోంది. అది యాంప్లిఫయర్‌లోకి, అక్కణ్నుంచి స్పీకర్లలోకి వెళుతోంది. అంతా హాయిగా ఉంది. అంతలో వచ్చిన స్నేహితుడు పెదవి విరిచాడు. 'బాగానే ఉంది గానీ గురూ... విడిగా ఓ ప్రీయాంప్లిఫయర్ పెట్టావంటేనా, మనిషి ఎదురుగా కూర్చుని పాడినట్టుంటుంది' అనేశాడు. ఇక ఇంటాయనకి నిద్ర పట్టదు. ఇంటావిడకేమో ఖర్చు బెంగ. ఇంతకీ ఆ డబ్బాతో పాట నిజంగా బాగుపడుతుందా?

అప్పట్లో అదే ప్రాణం

గ్రామఫోన్ రికార్డుల కాలంలో ఈ ప్రశ్నే లేదు. రికార్డు మీద ముల్లు నడిస్తే పుట్టే విద్యుత్తు సాధారణంగా 3 నుంచి 5 మిల్లీవోల్టులు. స్పీకర్లని మోగించే పవర్ యాంప్లిఫయర్‌కేమో ఒకటి రెండు వోల్టులైనా కావాలి. అంటే కొన్ని వందల రెట్లు పెంచాలన్నమాట. పైగా రికార్డు మీద బేస్‌ని తగ్గించి, ట్రెబుల్‌ని పెంచి ముద్రిస్తారు. వినేటప్పుడు దాన్ని తిరిగి సరిచేయాలి. ఈ రెండు పనులూ చేసేది ప్రీయాంపే. అది లేకపోతే పాటే లేదు.

1982లో జపాన్‌లో సీడీ ప్లేయర్ అమ్మకానికొచ్చాక లెక్క మారిపోయింది. సీడీ ప్లేయర్లు ఇచ్చే సంకేతం దాదాపు 2 వోల్టులు. ఇప్పటి డ్యాక్‌లలో చాలావాటిదీ అదే లెక్క. పవర్ యాంప్‌కి అదే సరిపోతుంది. ఇక పెంచాల్సిందేముంది? తగ్గించుకోవడమే! అలాంటి సంకేతాన్ని మళ్లీ పది రెట్లు పెంచడమంటే నిండుబిందెలో నీళ్లు పోయడమే. నాబ్ కాస్త తిప్పగానే ఇల్లు హోరెత్తిపోతుంది. పైగా చాలా నాబ్‌లు ఆ మొదటి కాస్త మలుపులోనే కుడి ఎడమ స్పీకర్లకు సమానంగా పంచలేవు.

ఇంకో సంగతి. చాలా ఇళ్లలో ఉండేది ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్. వాల్యూమ్ నాబ్, టీవీకీ సీడీకీ మీటలూ ఉన్నాయంటే ప్రీయాంప్ అందులోనే ఉన్నట్టు!

మరి కొందరికి తేడా ఎందుకు?

కొత్త డబ్బా పెట్టగానే పాట కాస్త గట్టిగా వినిపిస్తుంది. గట్టిగా వినిపించేదే బాగున్నట్టు అనిపించడం చెవి నైజం. వాల్వులతో చేసిన ప్రీయాంపులు కొన్ని తమ వంతు రంగూ కలుపుతాయి. అది వినసొంపుగా ఉంటే ఆనందించొచ్చు, తప్పు లేదు. కానీ అది రికార్డింగులో ఉన్నది కాదు. మంచి ప్రీయాంప్ చేయగలిగింది ఒక్కటే... వచ్చినదాన్ని చెడగొట్టకుండా పంపడం.

ఎప్పుడు కావాలంటే...

* రికార్డు ప్లేయర్ ఉంటే దానికి తగ్గ ఫోనో ప్రీయాంప్ తప్పనిసరి.

* పవర్ యాంప్ మాత్రమే ఉండి టీవీ, సీడీ ప్లేయర్, డ్యాక్ అన్నిటినీ దానికే కలపాలన్నా కావాలి.

* నాబ్ మాత్రమే ఉండే 'పాసివ్' పెట్టె నుంచి పొడవాటి వైర్లు లాగితే ట్రెబుల్ తగ్గిపోవచ్చు. అక్కడ కరెంటుతో నడిచే ప్రీయాంప్ మేలు.

* వాల్యూమ్ సదుపాయం లేని డ్యాక్‌ని నేరుగా పవర్ యాంప్‌కి కలపకూడదు. ఫుల్ సౌండ్‌తో స్పీకర్లు పాడైపోవచ్చు. ఫోన్‌లో వాల్యూమ్ తగ్గించుకుంటాంలే అనుకున్నా, పొరపాటున అది ఫుల్‌కి వెళితే అంతే సంగతులు.

డిజిటల్‌గా వాల్యూమ్ తగ్గిస్తే నాణ్యత పోతుందన్న భయం ఒకటుంది. ప్రతి 6 డెసిబెల్స్‌కీ ఒక బిట్ పోతుందన్న మాట నిజమే. 16 బిట్ల పరికరంలో 30 డెసిబెల్స్ తగ్గిస్తే మిగిలేవి 11 బిట్లే. కానీ 24 బిట్ల డ్యాక్‌లో లెక్కప్రకారం 48 డెసిబెల్స్ తగ్గించినా ఇంకా 16 మిగులుతాయి. సీడీలో ఉన్నవీ అన్నే!

కొనేముందు ఓ పరీక్ష

తెలిసినవాళ్ల దగ్గర ప్రీయాంప్ ఉంటే ఒక్కరోజు అరువు తెచ్చుకోండి. 100 హెర్ట్జ్ పరీక్ష ధ్వనిని తక్కువ సౌండ్‌లో పెట్టి, స్పీకర్ వైర్ల దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ చూడండి. ప్రీయాంప్ ఉన్నా లేకున్నా అది ఒకేలా ఉండేట్టు వాల్యూమ్ సరిచేయండి. వైర్లు తీసి పెట్టేముందు యాంప్లిఫయర్ ఆపడం మరవకండి. తర్వాత వినేవాళ్లకి కనపడకుండా ఇంకొకరు పదిసార్లు ఇష్టమొచ్చినట్టు మార్చాలి. నాణెం ఎగరేసి చెప్పినా పదిలో అయిదు సరిపోతాయి. తొమ్మిదో పదో సరిగ్గా చెబితే తేడా ఉన్నట్టే. అయిదారు దగ్గరే ఆగితే డబ్బులు మిగిలినట్టే.

ఆ మిగిలిన డబ్బుతో మంచి స్పీకర్లు కొనుక్కుంటే తేడా ఇంటిల్లిపాదికీ వినిపిస్తుంది. అదీ వద్దనుకుంటే స్పీకర్లని గోడ నుంచి ఓ అడుగు ముందుకు జరిపి, ఖాళీ గోడకు మందపాటి కర్టెన్ వేసి చూడండి. జరపడానికైతే పైసా ఖర్చు లేదు!