లోహం జాడ చెప్పే దీపం

తోటకూరలో సీసం ఉంటే కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. దాన్ని పట్టి చూపే యంత్రం అటామిక్ అబ్సార్ప్షన్ స్పెక్ట్రోమీటర్. ఏ మూలకమైనా వేడెక్కి ఏ కాంతిని వెదజల్లుతుందో ఆ కాంతినే పీల్చుకుంటుందన్న సూత్రం దానికి ఆధారం. 1860 ప్రాంతంలో జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ ఆ సూత్రాన్ని స్థిరపరిచారు. ఎనిమిదేళ్లకే ఆ విద్య తెలుగు నేల మీద అడుగుపెట్టింది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శినితో చూసి, సూర్యుని అంచున ఎగసే జ్వాలలు వాయువులేనని తేల్చాడు.

ప్రయోగశాలలు మాత్రం చాలాకాలం వెదజల్లే కాంతినే కొలుస్తూ వచ్చాయి. మంటలో వెలిగే పరమాణువులు బహు కొద్ది. తక్కినవి లెక్కకు అందేవి కావు. 1952 మార్చిలో ఒక ఆదివారం, మెల్‌బోర్న్‌లో తోటపని చేసుకుంటున్న అలన్ వాల్ష్‌కు కొలవాల్సింది పీల్చుకున్న కాంతినని తట్టింది. మర్నాడే సోడియంతో పరీక్షించాడు, 1955లో ప్రచురించాడు. వెతుకుతున్న లోహంతోనే రుణధ్రువం చేసిన దీపం ఈ యంత్రానికి ప్రాణం. సీసపు దీపం సీసం పీల్చే కాంతినే ఇస్తుంది గనుక పక్క లోహాలతో తికమక చాలా తక్కువ. 1959లో బోరిస్ ల్వోవ్ మంటకు బదులు గ్రాఫైట్ కొలిమిని ప్రవేశపెట్టాక, అతి సూక్ష్మమైన జాడలు కూడా అందుబాటులోకి వచ్చాయి.

నెల్లూరు తీరంలో ఈ యంత్రానికి పని ఉంది. కృష్ణపట్నం పరిసరాల్లో బొగ్గు విద్యుత్ కేంద్రాలు నడుస్తున్నాయి. బొగ్గు కాలాక అందులోని ఆర్సెనిక్, సీసం బూడిదలో చిక్కబడతాయి. తీరపు ఇసుక నేలలకేమో లోహాలను పట్టి ఉంచే శక్తి తక్కువ. ఇలాంటి చోట ఏటేటా కొలతలు తీసి ఉంచడం చాలా అవసరం. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛలతో ఆసుపత్రి పాలైనప్పుడు, రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ తెలిపింది. అవి ఎక్కడివో తెలుసుకోవడానికి నీళ్లనూ ఆహారాన్నీ అప్పటికప్పుడు పరీక్షించాల్సి వచ్చింది.

పరీక్షకు ఒకే మడిలోని ఆకు, మట్టి, బావినీరు మూడూ కావాలి. ఆకులో సగం కడిగి, సగం కడగకుండా చూస్తే లోహం దుమ్ముతో వాలిందా, వేళ్ల గుండా ఎక్కిందా అన్నది చాలావరకు తెలుస్తుంది. ఆకును ఎండబెట్టి, పొడిచేసి, నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, సుమారు 2,300 డిగ్రీల ఎసిటిలీన్ మంటలోకి తుంపరగా పంపుతారు. సీసానికి 283.3, కాడ్మియానికి 228.8 నానోమీటర్ల కాంతిని వాడతారు. ఆకుకూరల్లో అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ పరిమితి కిలోకు సీసం 0.3, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు. ఇది పచ్చి ఆకు లెక్క. ఎండు పొడి మీద వచ్చిన అంకెను దానికి మార్చకుండా పోల్చితే మంచి పంట మీద నింద పడుతుంది, రైతు నష్టపోతాడు.

కాడ్మియం సులువుగా ఆకుకు చేరుతుంది. సీసం ఎక్కువగా వేళ్ల దగ్గరే ఆగిపోతుంది, కాయలోకి వెళ్లేది కొంచెమే. అందుకే గూడూరు నిమ్మకన్నా ముందు పాలకూర, తోటకూర మళ్ల నుంచి నమూనాలు తీయాలి.