మలివయసులో మందులాంటి స్నేహం

"రాత్రిళ్లు నిద్ర పట్టదు. అన్నం సయించదు. ఒళ్లంతా ఒకటే నొప్పులు. ఏ పని మీదా మనసు నిలవదు."

అరవై దాటిన స్త్రీలు చాలామంది డాక్టరు దగ్గర చెప్పుకునే బాధలివి. ఇలాంటప్పుడు రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం, బి12 విటమిన్ లోపం ఉన్నాయేమో ముందు పరీక్ష చేయించుకోవలసిందే. కాని కొందరికి ఏ పరీక్షలోనూ లోపం కనిపించదు. "వయసు మీద పడింది, అంతే!" అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. ఆమెను అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: "అమ్మా! మనసు విప్పి మాట్లాడుకోవడానికి మీకెవరైనా స్నేహితురాలు ఉందా?"

చాలామందికి ఉండదు. పెళ్లితో చిన్ననాటి స్నేహాలు తెగిపోతాయి. భర్త బదిలీలతో ఇరుగుపొరుగు మారిపోతారు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, పురుళ్లతో ఊపిరి సలపదు. తీరా తీరిక చిక్కేసరికి పలకరించే మనిషి ఉండదు. భర్త పోతే పరిస్థితి మరీ కష్టం. మన ఇళ్లలో ఆడవాళ్లు నలుగురూ కలుసుకునేది నోములకు, పేరంటాలకు. తోడు ఎక్కువ అవసరమైన ఆ సమయంలోనే ఆ పిలుపులు ఆగిపోతాయి!

ఒంటరితనం ఆరోగ్యాన్ని చెడగొడుతుందా?

చెడగొడుతుంది. 148 పరిశోధనల ఫలితాలను, 3 లక్షల మందికి పైగా మనుషుల వివరాలను అమెరికా శాస్త్రజ్ఞులు క్రోడీకరించి 2010లో ప్రచురించారు. నలుగురితో గట్టి సంబంధాలున్న వారు జీవించి ఉండే అవకాశం మిగతావారికంటే సుమారు 50 శాతం ఎక్కువని తేలింది. మతిమరుపు వ్యాధికి దోహదం చేసే 14 అంశాలను 2024లో 'లాన్సెట్' వైద్య పత్రిక నిపుణుల సంఘం పేర్కొంది. వాటిలో నలుగురికీ దూరమై బ్రతకడం ఒకటి.

కారణాలు కొన్ని మన కళ్లముందే ఉన్నాయి. "ఒక్కదానికోసం ఏం వండుకుంటాంలే!" అని పచ్చడి మెతుకులతో సరిపెట్టుకోవడం, గడప దాటకపోవడంతో నడక తగ్గిపోవడం, రక్తపోటు మాత్ర మానేసినా అడిగేవారు లేకపోవడం. వీటికి తోడు లోలోపలి దిగులు నిద్రను చెడగొడుతుంది.

మండలి ఎలా పెట్టుకోవాలి?

స్త్రీ సమాజాలు మనకు కొత్త కాదు. 1902లోనే మచిలీపట్నంలో భండారు అచ్చమాంబగారు స్త్రీ సమాజం స్థాపించారు. 1937లో మద్రాసులో దుర్గాబాయిగారు ఆంధ్ర మహిళా సభను ప్రారంభించారు. మీరు అంత పెద్ద సంస్థ పెట్టనక్కరలేదు. మీ వీధిలోనో, అపార్ట్‌మెంటులోనో నలుగురైదుగురు చాలు.

వారానికి ఒక రోజు, ఒక వేళ ఖాయం చేసుకోండి. "వీలున్నప్పుడు కలుద్దాం" అనుకుంటే ఆ వీలు ఎప్పటికీ రాదు. చేతికి ఏదో ఒక పని ఉండాలి: పాటలు, అల్లికలు, పత్రిక పైకి చదవడం, పార్కులో నడక, ఏదైనా సరే. భర్త ఉన్నా లేకపోయినా అందరికీ ఒకే పిలుపు, ఒకే పీట. ఎవరైనా రాకపోతే ఆ సాయంత్రమే మరొకరు ఫోను చేసి కనుక్కోవాలి. డబ్బు అప్పులూ చీటీలూ మండలిలోకి రానివ్వకండి. కోడళ్ల సంగతులు కాసేపు మాట్లాడుకున్నా ఫరవాలేదు కాని, అవే మాట్లాడుకుంటూ కూర్చోకండి!

రానివ్వని జబ్బులు

"నాకు అవన్నీ ఎందుకమ్మా!" అనే మాట వెనుక ఒక్కొక్కసారి చెప్పుకోలేని ఇబ్బంది ఉంటుంది. చెవులు సరిగా వినిపించనివారు నలుగురిలో మాట అందక తప్పుకుంటారు. అలాంటివారు చెవి డాక్టరుకు చూపించుకుని, అవసరమైతే వినికిడి యంత్రం పెట్టుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవారి కోసం నేలమీద చాప కాకుండా కుర్చీలు వేయండి.

దగ్గినా తుమ్మినా మూత్రం కారుతుందని బయటికి రానివారు ఎందరో. ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు. మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను కొన్ని సెకన్లు బిగించి వదలండి. ఇలా పదిసార్లు, రోజుకు మూడుమార్లు చేయాలి. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. తగ్గకపోతే స్త్రీల వైద్యురాలిని కలవండి.

దిగులు రెండు వారాలకు మించి వదలకపోయినా, బ్రతుకు మీద విరక్తి కలిగినా స్నేహం ఒక్కటే చాలదు, వైద్యం కావాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. వృద్ధుల సహాయానికి 14567 ఉంది.

కొడుకులకూ, కోడళ్లకూ, కూతుళ్లకూ ఒక మాట. అమ్మకు మాత్రలు తెచ్చి ఇస్తున్నారు, మంచిదే. వారానికి రెండు గంటలు మనుమల బాధ్యత మీరు తీసుకుని, ఆమెను మండలికి పంపండి. తిరిగి వచ్చాక "ఏం కబుర్లమ్మా?" అని అడగండి. ఆ రాత్రి ఆమె మరో ముద్ద ఎక్కువ తింటే ఆశ్చర్యపోకండి.