వార్మ్‌టోన్ కాగితంపై పాత నెగెటివ్‌ల పునర్ముద్రణ: ఛాయా నిర్ణయం

నలుపు-తెలుపు ఛాయాచిత్రంలోని నలుపు అన్ని కాగితాలపైనా ఒకటి కాదు. కొన్నింటిపై నీలి జాడతో చల్లగా, కొన్నింటిపై గోధుమ జాడతో వెచ్చగా కనిపిస్తుంది. రెండింటిలోనూ బొమ్మను నిలిపేది వెండే. భేదమంతా వెండికణాల పరిమాణంలో ఉంది. కణాలు అతిసూక్ష్మమైనప్పుడు నీలికాంతిని ఎక్కువగా గ్రహిస్తాయి. అందువల్ల బొమ్మ గోధుమవర్ణంగా తోస్తుంది. వార్మ్‌టోన్ కాగితాలకు క్లోరోబ్రోమైడు పూతను ఎంచుకోవడం ఇందుకోసమే.

ఈ వర్ణానికి తెలుగునేలపై ప్రసిద్ధ నిదర్శనం ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) కృషి. ఆయన కాలంలో విరివిగా వాడిన ఆల్బుమెన్ కాగితం 1850లో ఫ్రాన్సులో రూపొందింది. దాని పూతకు ఆధారం కోడిగుడ్డు తెల్లసొన. దానిపై బొమ్మ డెవలపర్ అవసరం లేకుండా ఎండలోనే తేలేది. ఎర్రగోధుమ రంగులో వచ్చిన ఆ బొమ్మను బంగారు లవణ ద్రావణంతో ఊదాఛాయకు తెచ్చేవారు. నేటి వార్మ్‌టోన్ కాగితం ఆ రంగుకు చేరువ కాగలదు గాని, ఆ దారిన పోదు.

గోదావరి తీరాన ఉన్న చెన్నూరు వంటి పట్టణాలలో, ఇళ్ల పెట్టెల్లో మిగిలిన గత శతాబ్ది ఉత్తరార్ధపు స్టూడియో ఫోటోల సంగతి వేరు. అవి ఎక్కువగా బ్రోమైడు ముద్రణలు. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో తయారుచేసిన కాగితం కూడా ఆ కాలానిదే. వాటిలో నేడు కనిపించే పసుపు చాలావరకు కాగితపు ఛాయ కాదు. ఫిక్సర్ చాలకపోవడం వల్లనో, కడుగుడు చాలకపోవడం వల్లనో కాలక్రమంలో పుట్టిన దోషం. దానినే 'పాతకాలపు అందం' అనుకొని, నెగెటివ్ దొరికిందని వార్మ్‌టోన్ కాగితంపై ముద్రిస్తే, తాతల ముఖాలకు వారి కాలంలో లేని రంగు పూసినట్లవుతుంది. కళాకృతికి అది సమ్మతమే కావచ్చు, ఆధారపత్రానికి కాదు.

కొత్త కాగితాన్ని పరీక్షించేటప్పుడు ఒకే నెగెటివ్‌ను అలవాటైన కాగితంపైనా, కొత్తదానిపైనా ముద్రించి పోల్చాలి. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చాలి. వార్మ్‌టోన్ కాగితాలు సాధారణంగా మందకొడివి గనుక ఎక్స్‌పోజరు పెంచవలసి వస్తుంది. డెవలప్‌మెంట్ వ్యవధి తగ్గితే ఛాయ వెచ్చబడుతుంది; మరీ తగ్గితే నలుపు నీరసిస్తుంది. ఇక్కడే వాతావరణం అడ్డుపడుతుంది. డెవలపర్‌కు ప్రమాణం 20 డిగ్రీలు; మంచిర్యాల ప్రాంతపు వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో డెవలపర్ చర్య వేగమై ఛాయ మారుతుంది, జెలటిన్ పూత మెత్తబడుతుంది. ట్రేను మంచునీళ్లున్న పెద్ద పళ్లెంలో ఉంచి, థర్మామీటరు చూస్తూ పనిచేయడం మేలు. రాత్రివేళ పని మరీ మేలు.

తడి ముద్రణను చూసి తీర్పు చెప్పకూడదు. ఆరిన తరువాత అది ఒక మెట్టు ముదురుతుంది, ఛాయ కూడా కొంత మారుతుంది. పోలిక ట్యూబులైటు కింద కాక పగటి వెలుతురులో జరగాలి. ప్రతి ముద్రణ వెనుక కాగితం పేరు, ఎక్స్‌పోజరు, డెవలపర్ పలుచన, ఉష్ణోగ్రత పెన్సిలుతో రాసి, తటస్థ ఛాయ గల ప్రతిని కూడా దానితోపాటే భద్రపరచాలి.