కిడ్నీ దాత గల్ఫ్‌లో ఉన్నారా? విమానం ఎక్కకముందే ఈ కాగితాలు చూసుకోండి

ఇంట్లో అన్నకు రెండు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. కిడ్నీ ఇస్తానని తమ్ముడు ముందుకొచ్చాడు, కానీ ఆయన దుబాయ్‌లో పనిచేస్తున్నాడు. ఇలాంటి కుటుంబాలు అడిగే మొదటి మాట: "సార్, అక్కడి మన ఎంబసీల సంతకం పెట్టి పంపితే సరిపోతదా?"

సరిపోదు. దాత స్వయంగా రావాల్సిందే.

ఎందుకు రావాలి?

1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం దాత ఇష్టపూర్వకంగా ఇస్తున్నారా, డబ్బు చేతులు మారిందా అన్నది ఆయనతో నేరుగా మాట్లాడి తేల్చుకుంటారు. దాన్ని వీడియో తీస్తారు. భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు దగ్గరి బంధువులే. బావమరిది, స్నేహితుడు ఇందులోకి రారు. వారు ఇవ్వాలంటే ఆథరైజేషన్ కమిటీ అనుమతి తప్పనిసరి.

బయల్దేరేముందు నాలుగు పనులు

1. పాస్‌పోర్టు: గడువు దగ్గరపడితే అక్కడి భారత కాన్సులేట్ ద్వారా రెన్యువల్ చేయించుకోవాలి. తొందరలో ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకుంటే అది ఇండియాకు రావడానికే పనికొస్తుంది. తిరిగి పోవాలంటే కొత్త పాస్‌పోర్టు కావాలి.

2. వీసా: సౌదీ నుంచి వచ్చేవాళ్లు ఎగ్జిట్–రీఎంట్రీ మీదే రావాలి. ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుంటే ఉన్న ఉద్యోగం పోయినట్టే. దుబాయ్ వీసా ఉన్నవాళ్లు ఆరు నెలలు దాటి బయట ఉంటే వీసా రద్దయ్యే ప్రమాదం ఉంది. ఆపరేషన్ తర్వాత దాత కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదు. ఆ రోజులు కూడా కలిపి సెలవు అడగండి, కాగితం మీద తీసుకోండి.

3. పేర్లు: ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. పాస్‌పోర్టులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్, రేషన్ కార్డులో తండ్రి పేరు వేరు. అన్నదమ్ములని కాగితం మీద రుజువు కాకపోతే డీఎన్ఏ పరీక్ష చేయించమంటారు. తమ్ముడు వచ్చేలోపే ఇక్కడున్నవాళ్లు పాత సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, కుటుంబ ఫొటోలు తీసిపెట్టండి. తహసీల్దార్ ఆఫీసులో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు చేయండి.

4. కుటుంబ అంగీకారం: దాత భార్య లేదా భర్త అంగీకార పత్రం కూడా ఆసుపత్రులు అడుగుతుంటాయి. దాత ఇక్కడుండి, భర్త గల్ఫ్‌లో ఉంటే ఆయన అఫిడవిట్ రాసి భారత కాన్సులేట్‌లో అటెస్టేషన్ చేయించి పంపాలి. కాన్సులేట్ ముద్ర పనికొచ్చేది ఇలాంటి కాగితానికి. దాత రాకకు బదులుగా పనికిరాదు.

దాతకు విదేశీ పౌరసత్వం ఉంటే

అమెరికా పౌరసత్వం తీసుకున్న అక్క ఇస్తానంటే దారి వేరు. బంధుత్వాన్ని ధ్రువీకరిస్తూ ఫారం 21 కావాలి. అది ఇవ్వాల్సింది ఆమె పౌరసత్వం ఉన్న దేశపు రాయబార కార్యాలయం, మన ఎంబసీ కాదు. తోబుట్టువే అయినా ఆథరైజేషన్ కమిటీ ముందస్తు అనుమతి ఉండాలి.

ఖర్చు

కిడ్నీ మార్పిడి ఆరోగ్యశ్రీలో ఉంది. కుటుంబానికి ఏడాదికి పరిమితి రూ.10 లక్షలు. నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేస్తారు. దాత విమాన టికెట్ ఇందులో రాదు. వివరాలకు 104కు ఫోన్ చేయండి లేదా ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి.

జాగ్రత్త

"దాతను మేమే చూస్తాం, కాగితాలూ మేమే చేయిస్తాం" అనే బ్రోకర్లను నమ్మొద్దు. అవయవం కొన్నా అమ్మినా 5 నుంచి 10 ఏళ్ల జైలు, రూ.20 లక్షల నుంచి కోటి వరకు జరిమానా.

దాత టికెట్ బుక్ చేసేముందు ఆసుపత్రిలోని ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కు కాగితాల జిరాక్సులు ఒకసారి చూపించండి. తప్పు అక్కడే బయటపడితే దిద్దుకోవడానికి టైం ఉంటుంది. సెలవు మీద వచ్చిన మనిషికి ఆ టైం ఉండదు.