పనిలేని సర్వర్లు - బొగ్గు పొదుపు

గోదావరిఖని ప్రాంతపు సింగరేణి గనులలో త్రవ్విన బొగ్గు రైలు వ్యాగనులలో రామగుండపు ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రమునకు చేరుచున్నది. 1983లో ఉత్పత్తి ప్రారంభించిన ఈ కేంద్రములోని ఏడు జనరేటర్ల సామర్థ్యము 2,600 మెగావాట్లు. అచ్చటి విద్యుత్తు దక్షిణ ప్రాంతపు గ్రిడ్డులో కలియుచున్నది. హైదరాబాదులోని డేటా కేంద్రములును ఆ గ్రిడ్డు నుండియే విద్యుత్తును గ్రహించుచున్నవి. వానిలో రేయింబవళ్ళు పనిచేయు కంప్యూటర్లకే సర్వర్లని పేరు.

పనిలేని సర్వరు విద్యుత్తును వాడదనుకొనరాదు. దాని మెమరీ, డిస్కులు, పంకాలు నడచుచునే యుండును. అనేక సర్వర్లు ఖాళీగా నున్నప్పుడును, పూర్తి పనిలో వాడు విద్యుత్తులో సగము వరకు వాడుకొనును.

ఒక పాఠశాలలో నలుబది మందికి చాలు గదులు పది కలవనుకొందము. గదికి ఎనిమిది మందియే కూర్చున్నను పది గదులలోను దీపములు వెలుగును, పంకాలు తిరుగును. ఆ ఎనుబది మందిని నాలుగు గదులలో కూర్చుండబెట్టినచో ఆరు గదులలో స్విచ్చి తీసివేయవచ్చును. సర్వర్ల పొదుపునకు మూలసూత్రమిదియే.

అయితే వేర్వేరు పనులను ఒకే యంత్రముపై కలిపినచో అవి ఒకదానికొకటి అడ్డుపడవచ్చును. దీనికి ఉపాయము వర్చువల్ యంత్రము. హైపర్‌వైజర్ అను ప్రోగ్రాము ఒక సర్వరు యొక్క ప్రాసెసరును, మెమరీని పంచి, ఒక్కొక్క పనికి ఒక ప్రత్యేక కంప్యూటరు ఉన్నట్లే ఏర్పాటు చేయును. 1972లోనే ఐ.బి.ఎం. సంస్థ వి.ఎం./370 అను పేరుతో ఇట్టి ఏర్పాటును తన పెద్ద కంప్యూటర్లకు సమకూర్చెను.

వర్చువల్ యంత్రమును, నడచుచుండగనే, వేరొక సర్వరునకు తరలింపవచ్చును. మొదట దాని మెమరీలోని విషయమంతయు నెట్‌వర్కు ద్వారా రెండవ సర్వరునకు నకలగును. ఈలోగా మారిన భాగములు మరల నకలగును. మార్పులు మిక్కిలి తగ్గిన పిదప, క్షణకాలము నిలిపి, మిగిలినది పంపి, అచ్చట పని కొనసాగింతురు. ఖాళీయైన సర్వరును ఆపివేయుదురు.

ఒక లెక్క చూడుడు. ఖాళీగా 200, పూర్తి పనిలో 400 వాట్లు వాడు సర్వర్లు పది కలవనియు, పనిని బట్టి వాడకము సమముగా పెరుగుననియు అనుకొందము. ఒక్కొక్కదానిపై పని 20 శాతమైనచో అవి 240 చొప్పున 2,400 వాట్లు వాడును. ఆ పనినే నాలుగింటిపై 50 శాతము చొప్పున ఉంచినచో 300 చొప్పున 1,200 వాట్లు చాలును. దినమునకు 28.8 యూనిట్లు మిగులును. యూనిట్టుకు 0.7 కిలోగ్రాముల బొగ్గు చొప్పున ఇది సుమారు 20 కిలోగ్రాములు. వేడి తగ్గుటచే గదిని చల్లబరచు ఖర్చును తగ్గును.

పనిని మూడింటిపైననే ఉంచరాదా? ఒకటి చెడినచో తక్కిన రెండును పూర్తిగా నిండిపోవును. పరీక్షాఫలితములు వెలువడు దినమున వలె పని హఠాత్తుగా పెరిగినచో, ఆపిన సర్వరు తిరిగి సిద్ధమగుటకు కొన్ని నిమిషములు పట్టును. కావున కొంత ఖాళీ ఉంచుట అవసరము. అదే పనిని ఐదింటిపై ఉంచినచో 1,400 వాట్లగును. ఆ అదనపు 200 వాట్లే భద్రతకు చెల్లించు వెల. పనిని బట్టి ఈ వెలను నిర్ణయించుటయే సర్వర్ల నిర్వాహకుల నేర్పు.