అమీనుల తెగలను గుర్తించుట

చేపల బజారులో ముక్కునకు సోకెడి వాసనకు ముఖ్యకారణము ట్రైమిథైలమీను అను పదార్థము. పులుసులో చింతపండు పిండు గృహిణి దానిని లొంగదీయు ఉపాయము నెఱిగినదే. అమీనులు క్షారములు, పులుపులోని ఆమ్లముతో కూడి లవణములై గాలిలోనికి లేవజాలవు.

అయితే అమీనులలో మూడు తెగలు కలవు. వాసన ఆ భేదమును తెలుపజాలదు. అమోనియాలో ఒక నత్రజని పరమాణువును అంటి మూడు ఉదజని పరమాణువులుండును. వానిలో ఒకదాని చోట కర్బన సమూహము చేరినచో ప్రథమ అమీను, రెండింటి చోట చేరినచో ద్వితీయము, మూడింటి చోటను చేరినచో తృతీయము. కావున నత్రజనిపై ఉదజని యెంత మిగిలినదో తెలిసికొనుటయే పరీక్షకుని పని.

1890లో హిన్స్‌బర్గ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చక్కని మార్గము చూపెను. అమీనునకు బెంజీన్ సల్ఫొనైల్ క్లోరైడును, పొటాసియం హైడ్రాక్సైడు ద్రావణమును చేర్చి బాగుగా కుదుపవలెను. ప్రథమ అమీను నుండి పుట్టిన పదార్థమున ఇంకను ఒక ఉదజని మిగులును. దానికి ఆమ్లగుణము కలదు గనుక అది క్షారమున కరిగిపోవును. పిమ్మట హైడ్రోక్లోరిక్ ఆమ్లము పోయగా మరల గట్టిపడి బయల్పడును. ద్వితీయమునుండి పుట్టినదానిలో ఉదజని మిగులదు. అది క్షారమునను కరగదు, ఆమ్లమునను కరగదు. తృతీయము మాఱక నిలిచి, ఆమ్లము తగులగానే కరగును. క్షారమున కరగలేదని చూచి తొందరపడి ద్వితీయమని వ్రాసివేయు విద్యార్థులు కలరు. ఆమ్లము పోసి చూడనివాడు సగము పరీక్షయే చేసినవాడు!

మఱియొకటి నైట్రస్ ఆమ్లపు పరీక్ష. అనిలీను వంటి ప్రథమ అమీను మంచుచల్లదనమున ఆ ఆమ్లముతో కలిసి, పిదప బీటా నాఫ్తాలు చేర్చగా నారింజ ఎఱుపు రంగు నిచ్చును. అద్దకపు రంగులు పెక్కింటికి మూలమీ చర్యయే. ద్వితీయ అమీనులు మాత్రము సాధారణముగా పసుపుపచ్చని నూనెవలె తేలు నైట్రోసమీనులగును.

ఈ నూనెను చూచియే విద్యార్థులు సంతసించెడివారు. 1956లో మగీ, బార్న్స్ అను శాస్త్రజ్ఞులు ఈ తెగకు చెందిన డైమిథైల్ నైట్రోసమీనును తిన్న ఎలుకల కాలేయమున క్యాన్సరు పుట్టునని వెల్లడించిరి. 2018లో వాల్సార్టాన్ అను రక్తపోటు మాత్రలు కొన్ని అనేక దేశములలో విపణినుండి ఉపసంహరింపబడినది ఈ పదార్థము వానిలో కనబడుటచేతనే. మందు తయారీలో వాడిన ద్రావకమునుండి డైమిథైలమీను పుట్టి, అచటనే యున్న నైట్రైటుతో కలిసెను. పరీక్షనాళికలోని చర్యయే కార్మాగారమున జరిగినదన్నమాట.

హిన్స్‌బర్గ్ పరీక్ష చేతనుండగా, కేవలము ద్వితీయ అమీనును గుర్తించుటకై ఆ పసుపు నూనెను పుట్టించుట నాకు సమంజసముగా తోచదు.